కంప్రెస్డ్ ఎయిర్‌తో నడిచే వాక్యూమ్ కొనేముందు చూసుకోవాల్సినవి

డ్రమ్ము మూత మీద కూర్చునే చిన్న వెంచురి (గాలి ఊపుతో లాగుడు పుట్టించే సన్నటి గొట్టం), దానికో ఎయిర్ పైపు, ఒక సక్షన్ హోస్. మోటారు లేదు, కార్బన్ బ్రష్‌లు లేవు, అసలు తిరిగే భాగమే లేదు. ఇంత సులువైన పరికరం కూడా చాలా వర్క్‌షాపుల్లో కొన్న కొద్ది నెలలకే మూలన పడుతుంది. కారణం చాలాసార్లు ఒకటే: అది నిలబడే చోట దానికి కావలసినంత గాలి అందదు. అందుకే కేటలాగు తెరిచేముందు మీ ఎయిర్ లైన్ దగ్గరికి వెళ్లండి. అక్కడ ఎంత గాలి దొరుకుతుందో తేలాక మోడల్ ఎంచుకోవడం పెద్ద పని కాదు.

పనిచేసే తీరు ఇదీ. 5–6 బార్ ప్రెషర్‌లో ఉన్న గాలి సన్నటి నాజిల్‌లోంచి దూసుకెళ్తూ చుట్టూ ఉన్న గాలిని తనతో లాక్కుపోతుంది. ఆ లాగుడే సక్షన్. డ్రమ్ మీద పెట్టే మంచి రకాల్లో వెంచురి ఫిల్టర్‌కి అవతల ఉంటుంది. చెత్త డ్రమ్ములో రాలిపోతుంది, వెంచురిలోకి వడకట్టిన గాలి మాత్రమే వస్తుంది. చేతి గన్నుల్లో, పైపు మధ్యలో బిగించే ఇన్‌లైన్ రకాల్లో సరుకంతా వెంచురి గొంతులోంచే పోతుంది. గరుకు సరుకైతే ఆ గొంతు అరిగిపోతుంది. కొనేటప్పుడు ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే: చెత్త వెంచురిలోంచి పోతుందా, పోదా?

అసలు గాలి వాక్యూమ్ మీకు అవసరమా

ఫ్యాక్టరీలో కంప్రెస్డ్ ఎయిర్ అంత ఖరీదైన శక్తి ఇంకోటి లేదు. 7 బార్ దగ్గర మంచి పెద్ద కంప్రెసర్ ఒక హెచ్‌పీకి సుమారు 4 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపు అడుగులు) గాలి ఇస్తుంది. 40 సీఎఫ్ఎం తాగే డ్రమ్ వాక్యూమ్ నడుస్తోందంటే 10 హెచ్‌పీ, అంటే దాదాపు 7.5 కిలోవాట్లు దాని కోసమే పోతున్నాయి. యూనిట్ 8 రూపాయలు అనుకుంటే గంటకు 60 రూపాయలు. ఇదే పనిని 2 కిలోవాట్ల కరెంటు వాక్యూమ్ 16 రూపాయలతో చేస్తుంది.

రోజుకు 20 నిమిషాల చొప్పున ఏడాదికి 300 రోజులు వాడితే 100 గంటలు, 6,000 రూపాయలు. ఒక కరెంటు వాక్యూమ్ మోటారు కూలెంట్ (మెషిన్లలో కోత దగ్గర పోసే ద్రవం) తాగి కాలిపోతే అయ్యే ఖర్చుతో, ఆగిపోయే పనితో పోలిస్తే ఇది పెద్ద మొత్తం కాదు. అదే రోజుకు 8 గంటలు నడిపితే 2,400 గంటలు, 1,44,000 రూపాయలు. అలాంటి నిరంతర పనికి గాలి వాక్యూమ్ అమ్మజూపేవాళ్ల మాట వినకండి. బ్లోయర్ ఉన్న కరెంటు యంత్రమో, సెంట్రల్ వాక్యూమ్ లైనో తీసుకోండి.

గాలి వాక్యూమ్‌కి తగిన చోట్లు వేరు. తడి నేల, కూలెంట్ సంపులు, ఫౌండ్రీ వేడి, కరెంటు తీసుకెళ్లకూడని ప్రమాదకర జోన్లు, రోజుకు నాలుగైదుసార్లు కొద్ది నిమిషాలపాటు జరిగే శుభ్రత. ఈ పనుల్లో దీనంత మన్నే యంత్రం దొరకదు.

మీ దగ్గర గాలి ఎంత ఉంది

కేటలాగులో రెండు సీఎఫ్ఎంలు ఉంటాయి. ఒకటి వెంచురి తాగే కంప్రెస్డ్ ఎయిర్. రెండోది సక్షన్ హోస్ పీల్చే గాలి. పెద్ద అక్షరాల్లో వేసేది రెండోదే, ఎందుకంటే అది మొదటిదానికంటే బాగా ఎక్కువగా ఉంటుంది. మీ కంప్రెసర్‌కి లెక్క కట్టాల్సింది మొదటిది. అది ఏ ప్రెషర్ దగ్గర ఇచ్చారో కూడా చూడండి. 4 బార్ దగ్గర చెప్పిన వాడకం 6 బార్ దగ్గర సుమారు 40 శాతం పెరుగుతుంది. మామూలుగా చేతి గన్నులు 15–20 సీఎఫ్ఎం, డ్రమ్ మూత రకాలు 30–60, రెండు మూడు వెంచురిలున్న పెద్ద యూనిట్లు 100 దాటి తాగుతాయి.

కంప్రెసర్ వైపు కూడా ఇలాంటి తిరకాసే ఉంది. పిస్టన్ కంప్రెసర్ ప్లేటు మీద తరచుగా కనిపించేది పిస్టన్ డిస్‌ప్లేస్‌మెంట్, అంటే పిస్టన్ కదలికలో ఊడ్చే ఘనపరిమాణం. ట్యాంకులోకి నిజంగా చేరే గాలి అందులో 70–75 శాతం. బాలానగర్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో ఒక చిన్న షాపు తీసుకోండి: 5 హెచ్‌పీ కంప్రెసర్, 220 లీటర్ల ట్యాంకు. ప్లేటు మీద 19–20 సీఎఫ్ఎం ఉన్నా చేతికొచ్చేది 14. దానికి 35 సీఎఫ్ఎం వాక్యూమ్ తగిలిస్తే నిమిషానికి 21 ఘనపు అడుగుల లోటు. ట్యాంకు 8 బార్ నుంచి 5 బార్‌కి దిగేలోపు ఇచ్చేది 660 లీటర్లు, అంటే 23 ఘనపు అడుగులు. నిమిషం గడిచేసరికి సక్షన్ పడిపోతుంది. పక్కన ఇంకో 500 లీటర్ల ట్యాంకు పెడితే మూడున్నర నిమిషాలు వస్తుంది. కొన్ని షాపులకు అది చాలు కూడా. కానీ పిస్టన్ హెడ్ ఆగకుండా నడుస్తూ వేడెక్కే సంగతి మర్చిపోకూడదు.

అదే లైన్ మీద సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే) మెషిన్లుంటే ఇంకో చిక్కు. వాక్యూమ్ తెరవగానే లైన్ ప్రెషర్ పడి, గాలి ప్రెషర్ తక్కువైందని మెషిన్ అలారం కొట్టి సైకిల్ మధ్యలో ఆగిపోతుంది. వాక్యూమ్ కోసం గాలిని మెషిన్లకు వెళ్లే సన్న కొమ్మ నుంచి తీయకండి. మెయిన్ హెడర్ (ప్రధాన గాలి పైపు) నుంచి వేరే లైను, దానికి సొంత వాల్వు పెట్టండి.

కొనకముందే చేయగల పరీక్ష ఒకటుంది, ఖర్చు దాదాపు సున్నా. వాక్యూమ్ నిలబెట్టాలనుకునే చోట ఎయిర్ పాయింటుకి ఒక టీ ఫిట్టింగు (మూడు దారుల జాయింటు), దానికి ప్రెషర్ గేజి, ఆ తర్వాత బాల్ వాల్వు, చివర అరంగుళం ఎండ్ క్యాప్ బిగించండి. క్యాప్ మధ్యలో 4.5 మి.మీ. డ్రిల్లుతో రంధ్రం వేయండి. గేజి దగ్గర 6 బార్ నిలిస్తే ఆ రంధ్రంలోంచి సుమారు 40 సీఎఫ్ఎం పోతుంది. 6 మి.మీ. రంధ్రమైతే సుమారు 70. ఫిట్టింగులను వైస్‌లో గట్టిగా పట్టించి, రంధ్రం మనుషులు లేని వైపు తిప్పి, కళ్లద్దాలు, ఇయర్ ప్లగ్గులు పెట్టుకుని వాల్వు మెల్లగా తెరవండి. షిఫ్టు నిండుగా నడుస్తున్నప్పుడే చూడాలి, ఆదివారం ఖాళీ షాపులో కాదు. రెండు నిమిషాల తర్వాత గేజి 5.5 దగ్గర నిలబడితే 40 సీఎఫ్ఎం యూనిట్ నిశ్చింతగా తీసుకోవచ్చు. 6 నుంచి 3.5కి జారిపోతే, మీరు చిన్న వాక్యూమ్ కొనాలి లేదా ముందు పైపింగు బాగుచేయాలి. వాల్వు మూసి ఉన్నప్పుడు గేజి చూపే 6 బార్‌ని చూసి ఆర్డరు పెట్టడం వల్లే ఎక్కువ నిరాశలు పుడతాయి.

గాలి పైపు, కప్లింగ్, ఫిల్టర్

40 సీఎఫ్ఎం గాలి 10 మీటర్ల హోస్‌లోంచి వెళ్తే ఎంత ప్రెషర్ పోతుందో చూడండి. లోపలి వ్యాసం 19 మి.మీ. అయితే నష్టం లెక్కలోకి రాదు. 12.5 మి.మీ. అయితే సుమారు అర బార్. 10 మి.మీ. అయితే ఒకటిన్నర బార్. 8 మి.మీ. అయితే 4 బార్‌కి పైగా పోయి వాక్యూమ్ ఊపిరాడక ఆగిపోతుంది. ఎయిర్ గన్నుకి వాడే నీలం పీయూ ట్యూబు బయటి వ్యాసం 8 మి.మీ. ఉన్నా లోపల 5 మి.మీ. మాత్రమే. దాంతో ఏ డ్రమ్ వాక్యూమూ నడవదు. 12.5 మి.మీ. లోపలి వ్యాసం, వీలైనంత తక్కువ పొడవు, ఇది కనీసంగా పెట్టుకోండి. 15 మీటర్లు దాటితే 19కి వెళ్లండి.

హోస్ పెద్దదే వేసి కప్లింగ్ పాతదే ఉంచడం ఇంకా మామూలుగా జరిగే తప్పు. షాపుల్లో తిరిగే క్విక్ కప్లర్ల లోపలి దారి చాలావాటిలో 5–7 మి.మీ. ఉంటుంది. అరంగుళం పోర్టు ఉన్న పెద్ద కప్లరో, క్లా కప్లింగో అడిగి తీసుకోండి. బాల్ వాల్వు ఫుల్ బోర్ రకం (లోపలి దారి పైపంత ఉండేది) కావాలి.

ప్రెషర్ తగ్గించి నిలిపే రెగ్యులేటర్ తప్పకుండా ఉండాలి. చాలా వెంచురిలు 4 నుంచి 6 బార్ మధ్యలో ఎక్కడో గరిష్ఠ సక్షన్‌కి చేరతాయి. అది దాటాక ప్రెషర్ పెంచితే శబ్దం, బిల్లు పెరుగుతాయి గానీ లాగుడు పెరగదు. పని జరుగుతుండగా ప్రెషర్ మెల్లగా తగ్గిస్తూ రండి. లాగుడు తగ్గడం కనబడ్డ చోటు నుంచి అర బార్ పైకి పెట్టి అక్కడ లాక్ చేయండి.

రెగ్యులేటర్ ముందు 5 మైక్రాన్ ఫిల్టర్, ఆటో డ్రెయిన్ ఉన్న వాటర్ సెపరేటర్ పెట్టండి. విశాఖలాంటి సముద్రతీరపు ఊళ్లలో, వానాకాలంలో లైన్లో నీళ్లు ఎక్కువగా వస్తాయి. గాలి నాజిల్ దాటి వ్యాకోచిస్తూ చల్లబడినప్పుడు ఆ తేమ మఫ్లర్లో (బయటికొచ్చే గాలి శబ్దం తగ్గించే భాగంలో) చేరుతుంది. పాత జీఐ లైన్లలో తుప్పు పెళ్లలు కూడా వస్తాయి. డ్రాప్ లైనుని హెడర్ అడుగు నుంచి కాకుండా పైనుంచి వంచి దించుకుంటే సగం నీళ్లు, తుప్పు అక్కడే ఆగిపోతాయి. గాలిలో నూనె కలిపే లూబ్రికేటర్ మాత్రం వద్దు. ఎఫ్ఆర్ఎల్ (ఫిల్టర్, రెగ్యులేటర్, లూబ్రికేటర్) సెట్టుగా అమ్ముతారు కాబట్టి చాలామంది అలాగే బిగిస్తారు. వెంచురిలో నూనె కావాల్సిన భాగమేదీ లేదు. ఆ నూనె మఫ్లర్ స్పాంజిలోకి, ధూళిలోకి చేరి బంకలా గట్టిపడుతుంది.

వాడకం ఆపగానే గాలి ఆగాలి. హోస్ పక్కన పడేసి వాల్వు తెరిచే వదిలేయడం ప్రతి షాపులో జరిగేదే. చెయ్యి తీస్తే మూసుకునే స్ప్రింగ్ వాల్వు పెట్టించుకుంటే దాని ధర కరెంటు బిల్లులోనే తిరిగొస్తుంది.

పీల్చే గాలి, లాగే బలం

ఏ వాక్యూమ్‌కైనా రెండు కొలతలు. హోస్ నోరు పూర్తిగా తెరిచి ఉంచితే ఎంత గాలి పీలుస్తుంది, నోరు పూర్తిగా మూసేస్తే ఎంత వాక్యూమ్ పుడుతుంది. ఈ రెండు గరిష్ఠాలూ ఒకేసారి దొరకవు. వాక్యూమ్ పెరిగేకొద్దీ గాలి తగ్గుతుంది, పని జరిగేది రెండింటి మధ్యలో. కేటలాగులో గ్రాఫు ఇవ్వకుండా ఈ రెండు అంకెలే రాస్తే, గ్రాఫు అడగండి. గ్రాఫు లేనివాళ్లు తమ యంత్రాన్ని కొలిచి చూడలేదనే అనుకోవాలి.

పొడి సరుకుకి గాలి వేగం ముఖ్యం. బరువైన ధూళి, ఇనుప రజను, చిప్స్ (కోతలో రాలే లోహపు ముక్కలు) హోస్‌లో కూలబడకుండా పోవాలంటే సెకనుకు 20 మీటర్లకు పైగా వేగం కావాలి. 38 మి.మీ. హోస్‌లో ఆ వేగం రావడానికి 48 సీఎఫ్ఎం సక్షన్ గాలి చాలు. 50 మి.మీ. హోస్‌లో 83 కావాలి. లావు హోస్ పెడితే ఎక్కువ లాగుతుందనుకుని మార్చేస్తారు. గాలి సరిపోక వేగం పడిపోయి, హోస్ వంపుల్లో రజను కూర్చుంటుంది. ముక్క సైజు కోసమే హోస్ పెంచాలి: అతి పెద్ద ముక్క పొడవుకి రెండున్నర, మూడు రెట్లు హోస్ వ్యాసం ఉంటే అడ్డుపడదు.

ద్రవాలకు లాగే బలం ముఖ్యం. నీళ్లు ఒక మీటరు పైకి రావాలంటే 100 మిల్లీబార్ల వాక్యూమ్ కావాలి. సంపు అడుగు నుంచి డ్రమ్ మూత మీది ఇన్‌లెట్ దాకా ఎత్తు కొలవండి, సంపులో మట్టం నుంచి కాదు, ఎందుకంటే చివరికి అడుగు కూడా ఖాళీ చేయాలి. నేల మీది సీఎన్‌సీ సంపుకి ట్రాలీ మీది డ్రమ్ముతో కలిపి సుమారు మీటరు ఎత్తు వస్తుంది. 100 మిల్లీబార్లతో కూలెంట్ అక్కడిదాకా ఎక్కుతుంది, అంతే. డ్రమ్ములోకి వేగంగా పారాలంటే దానికి రెట్టింపు చూసుకోండి. మామూలు డ్రమ్ వాక్యూములు ఇచ్చే 200–250 మిల్లీబార్లు దీనికి సరిపోతాయి. 3 మీటర్ల గుంట అయితే హై లిఫ్ట్ రకం, 450 మిల్లీబార్లకు పైన ఇచ్చేది కావాలి.

మల్టీ స్టేజ్ ఎజెక్టర్ అని ఇంకో రకం ఉంది, తక్కువ గాలితో ఎక్కువ పీలుస్తుంది. లోపల సన్నటి రబ్బరు ఫ్లాపులుంటాయి, ధూళి పడితే అవి సరిగా మూసుకోవు. ప్యాకింగ్ మెషిన్లలో సక్షన్ కప్పులకు చక్కగా పనికొస్తుంది. చెత్త లాగే పనికి సింగిల్ స్టేజే మేలు.

సరుకును బట్టి

మెషిన్ షాపు చిప్స్: తునకలైతే బాగా వస్తాయి. పొడవాటి రింగుల చిప్స్ ఏ వాక్యూమూ లాగదు. మొదటి వంపులోనే గూడు కట్టుకుంటాయి. ముందు టూల్‌కి చిప్ బ్రేకర్, ఫీడ్ సరిచేసుకోండి, ఆ తర్వాతే వాక్యూమ్ సంగతి.

కూలెంట్: నింపడం, ఖాళీ చేయడం రెండూ చేసే రివర్సిబుల్ డ్రమ్ వాక్యూమ్ తీసుకోండి. లోపల చిల్లుల బుట్ట, దానిలో గుడ్డ సంచి వేస్తే చిప్స్ ఆగి కూలెంట్ మళ్లీ సంపులోకి పోతుంది. డ్రమ్ము నిండగానే లేచి దారి మూసే ఫ్లోటు ఉంటుంది. కూలెంట్ నురగకి మాత్రం ఫ్లోటు లేవదు, నురగ వెంచురి దాటి మఫ్లర్లోంచి చిమ్ముతుంది. డ్రమ్ములో ముందే కొద్దిగా యాంటీ ఫోమ్ వేయండి, లేదా ముప్పాతికకే ఆపండి. పొడి ధూళి ఫిల్టర్ బ్యాగు ఉంచి ద్రవం లాగితే ఆ బ్యాగు అట్టకట్టి పనికిరాకుండా పోతుంది.

స్టీల్ షాట్ (లోహాన్ని శుభ్రం చేయడానికి చిమ్మే చిన్న ఉక్కు గుళ్లు): ఇక్కడ బరువు లెక్క తప్పితే మనిషి కాలు పోతుంది. లీటరు షాట్ దాదాపు 4.4 కేజీలు. 200 లీటర్ల డ్రమ్ము నిండితే 880 కేజీలు. ఆ బరువు మోయగల డ్రమ్ ట్రాలీ మామూలు షాపులో ఉండదు. 60 లీటర్ల డబ్బా చాలు, అది నిండినా 260 కేజీల పైమాటే. షాట్ వెంచురిలోంచి పోయే రకమైతే అల్యూమినియం బాడీ వద్దు, గట్టిపరిచిన స్టీలు గొంతు ఉండాలి.

అల్యూమినియం: నీళ్లు కలిసిన సన్నటి అల్యూమినియం పొడి హైడ్రోజన్ వదులుతుంది. పని అయ్యాక డ్రమ్ మూత బిగించి రాత్రంతా ఉంచకూడదు. ఇనుము గ్రైండింగ్ లాగిన యూనిట్‌ని అల్యూమినియం, మెగ్నీషియం ధూళికి వాడకూడదు. తుప్పు, అల్యూమినియం పొడి కలిసిన చోట నిప్పురవ్వ పడితే ఆ మంట నీళ్లకు లొంగదు.

గ్రానైట్, ఇసుక ధూళి: చీమకుర్తి, కరీంనగర్ లాంటి చోట్ల రాతి పనిలో వచ్చే సన్నటి సిలికా ఊపిరితిత్తులను కోలుకోనివ్వదు. ఇక్కడ అతి సన్నటి ధూళినీ ఆపే హెపా ఫిల్టర్ తప్పనిసరి. వెంచురి వదిలే గాలిలో కంప్రెస్డ్ ఎయిర్ కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఆ ఊపు ఎక్కువ. అది నేల మీదికి కొడితే ఒక మూల లాగిన ధూళి ఇంకో మూల లేస్తుంది. ఎగ్జాస్ట్ పైకి తిరిగి ఉండాలి. బ్యాగు వైశాల్యం కూడా అడగండి. పీల్చే గాలి ప్రతి 10 సీఎఫ్ఎంకి ఒక చదరపు అడుగు గుడ్డ ఉంటే మామూలు ధూళికి సరిపోతుంది, మరీ మెత్తటి పొడికి ఇంకా ఎక్కువ కావాలి.

పెట్రోలు, థిన్నర్, సాల్వెంట్ల విషయంలో ఆశపడకండి. ఫ్లాష్ పాయింట్ (ఆవిరికి నిప్పంటుకునే ఉష్ణోగ్రత) 60 డిగ్రీల కంటే తక్కువున్న ద్రవాలకు మామూలు డ్రమ్ వాక్యూములు పనికిరావు. వెంచురి ఆ ఆవిరిని పీల్చి గదిలోకే వదులుతుంది.

మండే ధూళి ఉన్న చోట

పిండి, పంచదార, కారం, పసుపు, మందుల పౌడర్లు, రంపపు పొట్టు, చాలా లోహాల పొడి, ఇవన్నీ గాలిలో లేచి నిప్పు తగిలితే పేలతాయి. 2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఇంపీరియల్ షుగర్ కర్మాగారంలో 14 మంది చనిపోయారు. పేరుకుపోయిన చక్కెర ధూళి వల్లే పేలుళ్లు ఒకదాని వెంట ఒకటి పాకాయని అక్కడి రసాయన భద్రతా బోర్డు తేల్చింది. మొదటి చిన్న పేలుడు దూలాల మీది ధూళిని లేపుతుంది, ఆ ధూళి అంటుకుని జరిగే రెండో పేలుడే అసలు నాశనం చేసేది. 2025 జూన్ 30న మన పాశమైలారంలో మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ పౌడర్ తయారుచేసే ప్లాంటులో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయాక, పౌడర్‌తో పనిచేసే ఏ ప్లాంటూ దూలాల మీది ధూళిని వాయిదా వేయకూడదు. 0.8 మి.మీ. మందం పేరుకున్నా ప్రమాదమేనని అమెరికా అగ్నిమాపక ప్రమాణాలు లెక్కగట్టాయి. ఎయిర్ గన్నుతో ఊది శుభ్రం చేయడమంటే పేలుడుకి కావాల్సిన మేఘాన్ని చేజేతులా తయారుచేయడమే. లాగాలి, ఊదకూడదు.

గాలి వాక్యూమ్‌లో మోటారు లేదు కాబట్టి అక్కడ పనికొస్తుందని అమ్ముతారు. అది సగం నిజం. పొడి ధూళి ప్లాస్టిక్ హోస్‌లో సెకనుకు 20 మీటర్ల వేగంతో రాసుకుంటూ పోతే స్టాటిక్ చార్జి పుడుతుంది, దాని నిప్పురవ్వ చాలు. కాబట్టి వెంచురితో పాటు మిగతా ప్రతి భాగం చూడండి. నాజిల్ లోహం లేదా కండక్టివ్ రబ్బరు. హోస్ స్టాటిక్ డిసిపేటివ్ (చార్జిని నిల్వ ఉండనివ్వకుండా వదిలేసే) రకం, లోపలి తీగ రెండు చివర్లా కఫ్ లోహానికి కలిసి ఉండాలి. ఫిల్టర్ బ్యాగులో కార్బన్ దారాలు. ఎయిర్ సప్లై హోస్ కూడా యాంటీ స్టాటిక్. డ్రమ్ము నుంచి ప్లాంట్ ఎర్త్‌కి క్లాంపుతో విడిగా ఒక తీగ, ఎందుకంటే ట్రాలీకి ఉన్న రబ్బరు చక్రాలు డ్రమ్మును నేల నుంచి విడగొట్టేస్తాయి. క్లాంపు పెయింటు మీద బిగిస్తే ఎర్త్ ఉన్నట్టు కాదు, పళ్లు లోహంలోకి దిగాలి.

కొలిచే తీరు: యూనిట్‌ని జోన్ బయటకు తెచ్చి, మల్టీమీటర్ ఒక ప్రోబ్ నాజిల్ మొనకి, రెండోది డ్రమ్ లోహానికి పెట్టండి. తీగతో బాండింగ్ చేసిన హోస్ అయితే 10 ఓమ్‌ల లోపు రావాలి. డిసిపేటివ్ హోస్ అయితే మెగాఓమ్ లోపు. కొలుస్తూ హోస్‌ని అటూఇటూ వంచండి. వంచినప్పుడు రీడింగు గెంతితే లోపల తీగ తెగింది, ఆ హోస్ తీసేయాలి. నెలకోసారి కొలిచి రిజిస్టరులో రాయండి.

వేడి కణాలు, గ్రైండింగ్ నిప్పురవ్వలు ఏ వాక్యూమ్‌తోనూ లాగకూడదు. చల్లారాక మాత్రమే. జోన్ 20, 21, 22లలో (మండే ధూళి ఉండే చోట్లకు పెట్టిన వర్గాల్లో) వాడే యూనిట్‌కి తయారీదారు ఆ జోన్ పేరుతో రాసిచ్చిన సర్టిఫికెట్ ఉండాలి. నోటిమాట చాలదు.

డ్రమ్ము

పాత డ్రమ్ము మీద మూత పెడితే సరి అనుకుంటారు. 200 మిల్లీబార్ల వాక్యూమ్‌లో 57 సెం.మీ. మూత మీద బయటి గాలి నొక్కే బరువు 500 కేజీలకు పైనే. నొక్కులు పడ్డ డ్రమ్ము ఒక్క క్షణంలో ముడుచుకుపోతుంది. చుట్టూ 1.2 మి.మీ. రేకు, సొట్టలు లేని ఓపెన్ టాప్ డ్రమ్ము, క్లాంప్ రింగుతో తీసుకోండి. రివర్సిబుల్ రకంలో ఖాళీ చేసేటప్పుడు ప్రెషర్ లోపలి నుంచి పైకి కొడుతుంది. 0.1 బార్ ఉన్నా మూతను 260 కేజీల బలంతో ఎత్తుతుంది. రిలీఫ్ వాల్వు ఉందో లేదో చూసి, అది చేత్తో లాగితే కదులుతుందో లేదో కూడా చూడండి. సాల్వెంటు నిల్వ చేసిన డ్రమ్ములు కడిగినా సరే వాడకండి.

డెమో అడగండి

మీ షాపులో, మీ లైన్ మీద, మీ చెత్తతో. అమ్మకందారు తెచ్చిన థర్మాకోల్ గుళికలతో కాదు. యూనిట్ ఇన్‌లెట్ దగ్గర గేజి పెట్టి, వాక్యూమ్ నడుస్తుండగా ప్రెషర్ రాసుకోండి. 50 కేజీల చిప్స్ తూచి పెట్టి, ఎన్ని నిమిషాలకు లాగిందో చూడండి. మీటరు దూరంలో శబ్దం కొలవండి. 85 డెసిబెల్స్ దాటితే పెద్ద మఫ్లర్ అడగండి.

గాలి వాడకం కూడా అక్కడే తేల్చేయొచ్చు. మిగతా వాడకాలన్నీ మూసి, ట్యాంకు నిండాక కంప్రెసర్ ఆపి, వాక్యూమ్ తెరిచి, ట్యాంకు గేజి 7 నుంచి 6 బార్‌కి దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 500 లీటర్ల ట్యాంకు 25 సెకన్లలో దిగితే సెకనుకు 20 లీటర్లు, అంటే 42 సీఎఫ్ఎం. కేటలాగులో 30 అని ఉంటే అక్కడే అడగండి.

సక్షన్ తగ్గితే

హోస్ మొదట్లో, డ్రమ్ ఇన్‌లెట్ దగ్గర చిన్న వాక్యూమ్ గేజి ఒకటి శాశ్వతంగా పెట్టించండి. హోస్ తీసి ఇన్‌లెట్‌ని అరచేతితో కాకుండా రబ్బరు ముక్కతో మూసి గేజి చూడండి. కొత్తలో చూపిన వాక్యూమ్ ఇప్పుడూ చూపిస్తే వెంచురి, మూత బాగున్నట్టే, అడ్డు హోస్‌లోనో బ్యాగులోనో ఉంది. హోస్ తగిలించి చివర మూసినప్పుడు మాత్రమే పడిపోతే హోస్‌కి చిల్లు పడింది.

మూసినప్పుడు కూడా వాక్యూమ్ తక్కువుంటే ఇన్‌లెట్ ఎయిర్ ప్రెషర్ ముందు చూడండి. అది సరిగా ఉంటే మూత గ్యాస్కెట్ చుట్టూ సబ్బు నీళ్లు రాయండి. లోపలికి లాగే చోట నురగ మాయమవుతుంది. గ్యాస్కెట్ కూడా బాగుంటే గాలి కట్టేసి, లైన్లో మిగిలిన ప్రెషర్ వదిలేసి, నాజిల్ విప్పండి. చాలాసార్లు లోపల టెఫ్లాన్ టేపు ముక్కో, తుప్పు పెళ్లో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని ఇనుప తీగతో గీకకండి, నాజిల్ అంచు చెడితే సక్షన్ తిరిగిరాదు. వెనక నుంచి గాలి కొట్టి తీయండి. చివరగా మఫ్లర్ విప్పి, అది లేకుండా కొన్ని సెకన్లు నడిపి చూడండి. సక్షన్ ఒక్కసారిగా పెరిగితే మఫ్లర్ స్పాంజి నూనెతో మూసుకుపోయింది. కొత్తది వేయండి, ఆ నూనె కంప్రెసర్ నుంచి వస్తోందా, ఎవరైనా తిరిగి బిగించిన లూబ్రికేటర్ నుంచా వెతికి పట్టుకోండి.